చిటికెడు, చారెడు, వేలికొనంత

(నల్లగొండలో గ్రామీణ వైద్యులు, మందుల దుకాణాల వారు, ఆశా కార్యకర్తలు హాజరైన సభలో ఒక చర్మవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, ఊళ్ల నుంచి బస్సులెక్కి వచ్చిన ఆశా కార్యకర్తలకు నమస్కారం. ఈ బల్ల మీద ఉన్న సంచిలో నలభై దాకా వాడిన మలాము ట్యూబులు ఉన్నాయి. నా దగ్గరకు వచ్చే ప్రతి మనిషినీ "ఇంతకు ముందు ఏం పూసుకున్నారో ఆ ట్యూబు తెచ్చి చూపించండి" అని అడగడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. "తెల్లగుంటది సారూ, ఎర్రరంగు డబ్బాల వస్తది" అన్న ఆనవాలు పట్టుకొని వైద్యం చేయలేక నేర్చుకున్న అలవాటు అది. ఈ ట్యూబులను చూస్తే ఇవి రెండు రకాలుగా విడిపోతాయి. కొన్నింటిని తోకవైపు నుంచి చుట్టలాగా చుట్టి, లోపల చుక్క మిగలకుండా పిండేశారు. మరికొన్నింటిని రెండుసార్లు నొక్కి, భయపడి, అటకెక్కించారు. పిండేసిన మనిషికి అంత మందు అవసరం లేదు, అటకెక్కించిన మనిషికి ఆ మందు చాలా అవసరం. రెంటిలోనూ ఉన్నది స్టెరాయిడ్ మలామే. దానిని కొలిచి వాడాలని ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ కొలత గురించే.

ముందుగా ఒక మాట విషయంలో జాగ్రత్తపడదాం. మన జిల్లాలో "తామర" అనే మాటకు రెండు అర్థాలు నడుస్తున్నాయి. గజ్జల్లో, నడుము దగ్గర గుండ్రంగా అంచు కట్టి పాకే ఫంగస్ జబ్బును తామర అంటారు. కాలి మడమ పైన ఏళ్ల తరబడి గోకి గోకి మందమెక్కి, అప్పుడప్పుడు రసి కారే ఎగ్జిమాను కూడా కొందరు తామర అనే అంటారు. మొదటిదానికి స్టెరాయిడ్ మలాము రాస్తే ఎండుగడ్డికి నిప్పు పెట్టినట్టే, రెండోదానికి అదే మలాము మొదటి మందు. దుకాణం ముందు నిలబడి "తామరకు మలాము ఇయ్యి" అని అడిగిన మనిషికి చర్మం చూడకుండా ఏది ఇచ్చినా అది చీకట్లో రాయి విసరడమే అవుతుంది.

ఇక మందు సంగతికి వద్దాం. మన రెండు మూత్రపిండాల మీద టోపీల్లాగా కూర్చున్న చిన్న గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారు చేస్తాయి. అదే పదార్థాన్ని మందుగా వాడేటప్పుడు హైడ్రోకార్టిసోన్ అంటాము. మనం స్టెరాయిడ్ మలాము అనేది ఈ కుటుంబపు మందునే. దీనికి దగ్గరి బంధువైన కార్టిసోన్‌ను 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతంతో మంచాన పడిన రోగికి ఇవ్వగా ఆ రోగి కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, కెండాల్‌కు, రైఖ్‌స్టైన్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ కార్టిసోన్‌ను చర్మం మీద పూస్తే ఏ ఫలితమూ కనిపించలేదు, ఎందుకంటే అది పనిచేసే రూపంలోకి మారవలసింది ముఖ్యంగా కాలేయంలో. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే చర్మవైద్యులు, అప్పటికే పనిచేసే రూపంలో ఉన్న హైడ్రోకార్టిసోన్‌ను మలాముగా పూసి ఎగ్జిమా తగ్గడం చూపించారు. అంతకు ముందు చర్మవైద్యుడి చేతిలో ఎక్కువగా ఉన్నవి తారు మలాములు, రంగునీళ్లు, తడిగుడ్డలు.

చర్మం వాచినప్పుడు లోపల జరిగేది ఒక అలజడి. రక్తనాళాలు విచ్చుకుంటాయి, తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరతాయి, దురద పుట్టించే రసాయనాలు విడుదలవుతాయి, పై పొరలోని కణాలు అవసరానికి మించి పుట్టుకొస్తాయి. స్టెరాయిడ్ కణంలోకి వెళ్లి, అక్కడ తనకోసమే ఉన్న గ్రాహకానికి అతుక్కొని, కేంద్రకంలోకి చేరి, ఆ రసాయనాలను తయారు చేయమని ఆజ్ఞలిచ్చే జన్యువుల నోరు నొక్కుతుంది. విచ్చుకున్న రక్తనాళాలను ముడుస్తుంది, కణాల పుట్టుకను నిదానింపజేస్తుంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ మందు జబ్బు మూలాన్ని పెకిలించదు, మంటను ఆర్పుతుంది. మూలం పొలంలోనో, సిమెంటు తట్టలోనో, మనిషి పుట్టుకలోనో ఉంటే అది అక్కడే ఉంటుంది.

ఈ ప్రాంతంలో ఆ మూలాలు ఎక్కడున్నాయో చెప్పకుండా ముందుకు పోలేను. వానలు పడ్డాక రోడ్ల పక్కన, బీడు భూముల్లో నడుమెత్తున పెరిగే తెల్లపూల వయ్యారిభామ మీకు తెలుసు, కొందరు దానిని కాంగ్రెస్ గడ్డి అంటారు. పరాయి దేశం నుంచి వచ్చిన ఈ మొక్క మన దేశంలో పాతుకుపోయినట్టు 1950లలో పూణే దగ్గర మొదట గుర్తించారు. దాని ధూళి గాలిలో ఎగిరి ముఖం, మెడ, కనురెప్పలు, మోచేతి మడతల మీద పడుతుంది, సరిపడని మనిషికి చర్మం ముడతలు పడి, మందమెక్కి, ముఖం సింహం ముఖంలా తయారవుతుంది. ఎక్కువగా నడివయసు దాటిన రైతులకే ఇది వస్తుంది. ప్రతి వానాకాలం నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన "ఎండకు పడ్తలేదు సారూ" అంటాడు. ఎండ కొంత నిజమే, కానీ ఆయన చేను గట్టు నిండా వయ్యారిభామ ఉంది. మలాముతో పాటు ఇంకెవరైనా ఆ గట్టు శుభ్రం చేస్తేనే ఆ ముఖం నెమ్మదిస్తుంది. ఆయన తానే పీకితే జబ్బు ఇంకా పెరుగుతుంది.

రెండోది సిమెంటు. పాలమూరు నుంచి మట్టిపనికి, కట్టడాలకు దేశమంతా వలస పోయిన కూలీల చరిత్ర ఇక్కడివారికి నేను చెప్పనక్కర లేదు. తడిసిన సిమెంటులో క్షారం ఉంటుంది, అది చర్మాన్ని నేరుగా తింటుంది. అందులోనే ఉండే ఒక రకం క్రోమియం కొందరి శరీరాలకు శత్రువుగా నమోదై, తరువాత పిసరంత తగిలినా చేతులు పగిలి నీరు కారేలా చేస్తుంది. యూరప్ దేశాలు 2005 నుంచి సిమెంటులో ఆ క్రోమియానికి పరిమితి పెట్టుకున్నాయి. మన మేస్త్రీకి ఉన్న రక్షణ ఒక జత రబ్బరు తొడుగులే, ఎండాకాలంలో వాటిని గంటసేపు కూడా ఉంచుకోలేడు, ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. లోపల పల్చటి నూలు తొడుగు వేసుకొని, తడిసినప్పుడల్లా దానిని మార్చుకుంటే కొంత నయం. నేతకారుల ఊరు పుట్టపాకలో తేలియా రుమాలు బట్ట కోసం నూలును నూనెలో, బూడిదనీళ్లలో పిసికే చేతులదీ దాదాపు ఇదే కథ. ఇవి కాక పొలుసుల మచ్చలు వచ్చే సోరియాసిస్ ఉంది, పసిపిల్లల బుగ్గల మీద, మోకాలి మడతల్లో వచ్చే ఎగ్జిమా ఉంది, తలలో పొట్టు రాలే జబ్బు ఉంది. వీటన్నిటికీ స్టెరాయిడ్ మలాము నిజమైన, తిరుగులేని మందు. దానిని తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు.

ఇప్పుడు కొలత. పత్తి చేనుకు మందు కొట్టే రైతును అడగండి, పదహారు లీటర్ల ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో తడుముకోకుండా చెబుతాడు. అదే రైతు తన కాలికి మలాము ఎంత రాస్తున్నావంటే "ఇంత" అని వేలు గాలిలో తిప్పుతాడు. తప్పు ఆయనది కాదు. మేము రాసే చీటీ మీద "పల్చగా రాయాలి" అని ఉంటుంది, పల్చన అంటే ఎంతో చీటీ రాసినవాడికే తెలియదు. మన తెలుగులో చేతిని మించిన కొలపాత్ర లేదు. చిటికెడు ఉప్పు, చారెడు శనగలు, పిడికెడు మెతుకులు, దోసెడు నీళ్లు, బెత్తెడు బట్ట, జానెడు పొట్ట అంటాము. 1991లో బ్రిటన్‌లో లాంగ్, ఫిన్లే అనే ఇద్దరు వైద్యులు మలాముకు కొలత వెతుకుతూ చివరకు మన అమ్మమ్మల దారికే వచ్చారు.

అందరూ ఒకసారి కుడిచేతి చూపుడు వేలు చాపండి. కొన నుంచి మొదటి గీత వరకు, అంటే మొదటి కణుపు వరకు, మూతి అయిదు మిల్లీమీటర్లున్న ట్యూబును నొక్కుతూ ఒక వరుస పెడితే అది వేలికొనంత మందు. సుమారు అర గ్రాము ఉంటుంది, ఆడవారి వేలికి కాస్త తక్కువ. ఆ ఒక్క వరుస మీ రెండు అరచేతులను, వేళ్లతో సహా, పక్కపక్కన పరిచినంత చర్మానికి సరిపోతుంది. ఈ లెక్కన ముఖానికి, మెడకు కలిపి రెండున్నర, ఒక హస్తానికి ముందూ వెనుకా కలిపి ఒకటి, భుజం నుంచి మణికట్టు దాకా మూడు, ఒక కాలికి ఆరు, పాదానికి రెండు, ఛాతీ పొట్ట కలిపి ఏడు, వీపుకు మరో ఏడు వరుసలు కావాలి. పసిపిల్లలకు కూడా పెద్దవారి వేలితోనే కొలవాలి. ఏడాది నిండి రెండేళ్ల లోపు ఉన్న బిడ్డ ముఖానికి, మెడకు కలిపి ఒకటిన్నర వరుసలు చాలు.

ఇప్పుడు మన మేస్త్రీ దగ్గరకు వద్దాం. రెండు హస్తాలకూ రోజుకు ఒకసారి రాస్తే రెండు వరుసలు, అంటే ఒక గ్రాము. పదిహేను గ్రాముల ట్యూబు పదిహేను రోజులు రావాలి. మూడు నెలలైనా అది అయిపోలేదంటే ఆయన రాసుకోలేదని అర్థం, మందు పనిచేయలేదని కాదు. మరో మనిషి గజ్జల్లోని అరచేయంత మచ్చకు అదే ట్యూబును వారంలో ఖాళీ చేశాడంటే అక్కడ ప్రమాదం మొదలైందని అర్థం. దుకాణంలో కూర్చున్న మీరు ఎన్నో రోజుకు రెండో ట్యూబు అడిగారో గుర్తుపెట్టుకుంటే చాలు, సగం రోగ నిర్ధారణ అయిపోయినట్టే. ఎక్కువసార్లు రాస్తే ఎక్కువ గుణం వస్తుందన్నది కూడా భ్రమే. చర్మం పై పొర మందును దాచుకొని మెల్లగా వదులుతుంది, అందువల్ల చాలా మలాములకు రోజుకు ఒక పూట సరిపోతుంది.

కొలత తరువాత బలం. మలాము పెట్టె మీద ఉన్న శాతాన్ని చూసి బలం అంచనా వేయకండి. హైడ్రోకార్టిసోన్ 1 శాతం అని ఉంటుంది, క్లోబెటాసాల్ 0.05 శాతం అని ఉంటుంది, అంకె చిన్నది గనుక రెండోది మెత్తని మందు అనుకొని పసిబిడ్డకు రాసిన తల్లిని నేను చూశాను. నిజానికి హైడ్రోకార్టిసోన్ అన్నిటికన్నా అడుగున ఉంటుంది, క్లోబెటాసాల్ అన్నిటికన్నా పైన ఉంటుంది, నడుమ మొమెటాసోన్, ఫ్లూటికాసోన్, బీటామెథాసోన్ వంటివి ఉంటాయి. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనేవారు ఈ మందులను ముంజేతి మీద పూసి చర్మం ఎంత తెల్లబారుతుందో చూసి బలాబలాలు లెక్కగట్టే పద్ధతిని కనిపెట్టారు. ఆ తెల్లబారడం, అంటే రక్తనాళాలు ముడుచుకుపోవడం, మన సమాజంలో ఎంత అనర్థానికి దారి తీసిందో కాసేపట్లో చెబుతాను.

ఒకే మందు ఒంటి మీద అన్నిచోట్లా ఒకేలా ఇంకదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు కొలిచి చూడగా, ముంజేతిలో ఇంకే హైడ్రోకార్టిసోన్‌ను ఒకటి అనుకుంటే నుదుటి మీద ఆరు వంతులు, దవడ దగ్గర పదమూడు వంతులు, వృషణాల చర్మం మీద నలభై రెండు వంతులు ఇంకింది. అరికాలిలో ఏడో వంతు మాత్రమే ఇంకింది. అరికాలికి బలమైన మందు రాయడంలో తప్పు లేదు, రాయకపోతేనే తప్పు. గజ్జల్లో, ముఖం మీద, బిడ్డ లంగోటీ కట్టే చోట ఆ మందే విషమవుతుంది. క్లోబెటాసాల్‌ను పెద్దవారైనా వారానికి 50 గ్రాములు మించకుండా, వైద్యుడు చూడకుండా రెండు వారాలు దాటకుండా వాడాలన్నది నియమం. దానిని దాటితే చర్మం పల్చబడి సిగరెట్టు కాగితంలా అవుతుంది, తొడల్లో, చంకల్లో చారలు చీలుతాయి, ఆ చారలు ఇక పోవు. కంటి చుట్టూ నెలల తరబడి రాస్తే కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా, శుక్లం వచ్చే ముప్పు ఉంది. ఎక్కువ చర్మానికి ఎక్కువ కాలం రాస్తే మొదట చెప్పిన టోపీల్లాంటి గ్రంథులు పని మానేస్తాయి, పిల్లలైతే ఎదుగుదల కుంటుపడుతుంది.

ఇక ఈ సంచిలో ఎక్కువ భాగం ట్యూబులు దేనికి వాడినవో చెబుతాను. క్లోబెటాసాల్, ఒక ఫంగస్ మందు, ఒకటో రెండో సూక్ష్మజీవుల మందులు కలిపిన మలాము ఇది. గజ్జి, తామర, దురద ఏదైనా సరే ఒకే ట్యూబు. ఫంగస్ తామరలో ఎర్రటి అంచు, దురద కనిపించేది శరీరం ఆ ఫంగస్‌తో పోరాడుతున్నందువల్లనే. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, మనిషి సంతోషిస్తాడు, మందు అమ్మినవారికి మంచి పేరు వస్తుంది. ఫంగస్ మాత్రం అడ్డు లేని ఆవు పచ్చి చేలో పడ్డట్టు పాకిపోతుంది. మందు ఆపిన వారానికి వలయంలో వలయం, దానిలో మరో వలయంగా బయటపడుతుంది, మరో ట్యూబు వస్తుంది, ఇంట్లో భార్యకు, పిల్లలకు అంటుకుంటుంది. ఈ పదేళ్లలో దేశమంతా పాకిన మొండి తామరకు కారణమైన ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరే పెట్టారు. మామూలు ఫంగస్ మాత్రలకు అది చాలామందిలో లొంగడం లేదు. దానికి స్టెరాయిడ్ మలాములు ఎంతగా తోడ్పడ్డాయో లెక్క తేల్చడం కష్టం, కానీ నా దగ్గరకు వచ్చే మొండి తామర రోగుల్లో ఈ ట్యూబు వాడనివారు అరుదు. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి. అది కుష్ఠు కావచ్చు, మలాము పూసి దాచవద్దు, ఆశా అమ్మలు అటువంటి మనిషిని నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి.

చర్మం తెల్లబారడం గురించి చెబుతానన్నాను. పెళ్లి చూపులకు ముందు కొన్ని వారాలు ఈ మలాము రాసుకుంటే ముఖం నిగనిగలాడుతుందని ఎవరో ఎవరికో చెబుతారు. రక్తనాళాలు ముడుచుకొని, రంగు తయారీ తగ్గి, ముఖం నిజంగానే తేటపడుతుంది. ఆపిన నాలుగు రోజులకు మంట, ఎరుపు, మొటిమలు, ఎండలోకి పోలేని స్థితి వస్తాయి, మళ్లీ రాస్తే చల్లబడుతుంది, అలా మానలేని వ్యసనమవుతుంది. దేశంలో 12 కేంద్రాల్లో, ముఖం సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది, అంటే దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరు, ముఖానికి స్టెరాయిడ్ రాసుకుంటున్నట్టు తేలింది. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి ప్రభుత్వం వెంటపడగా 2018 మార్చిలో 14 స్టెరాయిడ్ మలాములను వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. ఆ ఉత్తర్వు ఎంత అమలవుతున్నదో ఈ సంచి చెబుతున్నది. మిమ్మల్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. చీటీ తెమ్మంటే గిరాకీ పక్క దుకాణానికి పోతుందన్న మీ కష్టం నాకు తెలుసు, అయితే పక్క దుకాణం వారు కూడా ఈ సభలోనే ఉన్నారు కదా, ఇద్దరూ మాట్లాడుకోండి.

భయపడి అటకెక్కించిన ట్యూబుల మాట మరచిపోలేదు. ఒక తల్లి రెండేళ్ల బిడ్డను ఎత్తుకొచ్చింది. ఒళ్లంతా గీరుకొని పొక్కులు కట్టి, రాత్రంతా నిద్ర లేక బిడ్డ బరువు తగ్గింది. నేనే రాసిచ్చిన మెత్తని మలామును ఆమె రెండు రోజులు రాసి ఆపేసింది, "అది స్టెరాయిడ్ అంట సార్, పిల్లకు మంచిగ కాదంట" అన్నది. ఆ మాట ఆమెకు చెప్పినవారు బలమైన మలాముల అనర్థాలను చూసే చెప్పి ఉంటారు. కానీ తగిన బలం, తగిన చోటు, వేలి కొలత, కొద్ది రోజుల గడువు ఉన్నప్పుడు ఈ మందు చర్మాన్ని పాడు చేయదు, గోకడం వల్ల పడే పుండ్లు, చీము, నిద్రలేమి పాడు చేస్తాయి. ఆ బిడ్డకు పదిరోజులు సరిగ్గా రాయించి, స్నానం కాగానే ఒంటికి వాసెలిన్ పట్టించడం అలవాటు చేయించాము. రెండూ ఒకేసారి కలిపి రుద్దకండి, మధ్యలో అర గంట వ్యవధి ఇవ్వండి.

ఎప్పుడు ఆపాలన్నది అందరూ తప్పు చేసే చోటు. ఎరుపు తగ్గేదాకా రాయమని తెల్లవారి చర్మాలను చూసి రాసిన పుస్తకాలు చెబుతాయి. మన చామనచాయ, నలుపు చర్మాల మీద వాపు ఎర్రగా కనిపించదు, ఊదాగానో బూడిద రంగుగానో కనిపిస్తుంది, వాపు తగ్గాక నల్లమచ్చ నెలల పాటు నిలిచిపోతుంది. ఆ మచ్చ పోవాలని రాస్తూ పోయినవారే ఎక్కువగా నష్టపోతున్నారు. కాబట్టి కంటిని నమ్మకుండా వేలితో తడిమి చూడండి. గరుకు, మందం పోయి, దురద ఆగి, చర్మం చుట్టుపక్కల చర్మంలా మెత్తగా తగిలితే మందు పని అయిపోయింది. ఎక్కువ కాలం వాడినవారు ఒక్కసారిగా ఆపకుండా రోజు విడిచి రోజు, తరువాత వారానికి రెండు రోజులు రాసి విరమించాలి. మచ్చను కాలానికి వదిలేయాలి.

సమయం అయిపోవచ్చింది, మీరు పంపిన ప్రశ్నల చీటీల్లో రెండింటికి మాత్రం జవాబు చెబుతాను. ఈ చర్మం మచ్చలు మా నీళ్ల ఫ్లోరైడ్ వల్లనా అని ఒకరు అడిగారు. మన జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ప్రతి జబ్బునూ నీళ్ల మీద వేయడం సహజమే, ఆ నీళ్లు చేసిన నష్టం అటువంటిది. కానీ ఫ్లోరైడ్ దెబ్బ ప్రధానంగా పళ్లకు, ఎముకలకు, చర్మం మీది ఈ మచ్చలకు కారణాలు వేరు. రెండో చీటీలో, ట్యూబుల గొడవ లేకుండా సోరియాసిస్‌కు ఒక సూది వేస్తే పోతుంది కదా అని రాశారు. స్టెరాయిడ్ సూది వేస్తే వారం రోజుల్లో ఒళ్లంతా శుభ్రమవుతుంది, నిజమే. సూది ప్రభావం తగ్గిన తరువాత ఆ మనిషికి ఒళ్లంతా చీము పొక్కులు తేలి, జ్వరంతో, చలితో, చర్మం మొత్తం ఎర్రబడి ఊడిపోతూ వచ్చే స్థితి ఏర్పడవచ్చు. పల్చని పొలుసుల మచ్చలతో మందు రాసుకుంటూ పనికి పోగలిగిన మనిషి అలా ఆసుపత్రి మంచం మీదకు రావడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను, అందులో ఒకరికి చక్కెర జబ్బు ఉన్న సంగతి సూది వేసినవారు అడగనే లేదు.